రెండో చెయ్యి

కోరాపుట్ స్టేషన్లో అరగంట నిలబడ్డ బండి చివరికి కదిలేసరికి మూర్తికి కోపం వచ్చింది. నిలబడ్డందుకు కాదు, కదిలినందుకు. ఇంక గంట. గంటలో జయపురం, స్టేషన్ నుంచి ఆటో, ఆటో దిగితే కార్మిక శాఖ ఆఫీసు, ఆ ఆఫీసులో బల్ల, బల్ల మీద కాగితం, కాగితం అడుగున తన సంతకానికి వదిలిన జాగా. ఎదురు సీట్లో మేనల్లుడు శశికాంత్ ఆ కాగితం ఉన్న ఫైలును ఒళ్ళో పెట్టుకుని ఫోన్లో లాయరుతో ఒడియాలో మాట్లాడుతున్నాడు. మధ్యలో నవ్వి, మాము సాంగొరె అఛంతి అన్నాడు. మావయ్య వెంటే ఉన్నాడట. గొడుగు వెంట ఉన్నట్టు, నీళ్ళ సీసా వెంట ఉన్నట్టు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషికి ఇస్త్రీ చొక్కా తొడిగించి, రాయగడలో రైలెక్కించి, ఇన్ని కొండలు దాటించి తీసుకుపోతున్నాడు, ఒక్క ముక్క చెప్పించడానికి. ఆ ముక్క కూడా వాడే రాయించి తెచ్చాడు.

కిటికీ అవతల కొండవాలంతా వలిసె పూలు, పసుపు ఒలకబోసినట్టు. తలుపు దగ్గర కాలేజీ పిల్లలు వాటికి ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు ఇందాక వచ్చి, తాతగారూ మీరు లండన్‌లో ఉండేవారట గదా, అంకుల్ చెప్పారు, అని అడిగిపోయాడు. లండన్. నలభై ఏళ్ళుగా రాయగడలో తను లండన్ మూర్తి. లండన్ తను చూసింది రెండుసార్లు, విమానం దిగినప్పుడొకసారి, ఎక్కినప్పుడొకసారి. తనున్నది బర్మింగ్‌హామ్ శివార్లలో, ఒక కార్ల ఫ్యాక్టరీలో, పదహారేళ్ళు. కార్ల ఫ్యాక్టరీ అంటే ఇక్కడివాళ్ళ కళ్ళు మెరుస్తాయి, మెరిసే కార్లలో తిరిగి వచ్చాడనుకుంటారు. రేకుల్ని నొక్కి వంచే ప్రెస్ షాపులో కారు కనబడదు. రేకు కనబడుతుంది. రేకు పెట్టు, నొక్కు, తియ్యి. రేకు పెట్టు, నొక్కు, తియ్యి. నాలుగేళ్ళు ఒకే ముక్క కొట్టాడు, అది కారులో ఎక్కడ కూర్చుంటుందో ఎవడూ చెప్పలేదు, తనూ అడగలేదు. అసలు ఆ ప్రెస్ దాకా చేరడానికే ఎనిమిది నెలలు పట్టింది. బరంపురంలో చదివిన మెకానికల్ డిప్లొమాను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వెళితే, ఆ కవరు విప్పనైనా విప్పకుండా చీపురు చేతికిచ్చారు. ఇనప రజను ఊడ్చాడు. నూనె ఓడుతున్న రజను, బూటు అడుగున గుచ్చుకుని మేజోడు దాకా దిగేది. తనకంటే తరవాత వచ్చిన తెల్ల కుర్రాళ్ళు, బడి చదువు కూడా పూర్తి కానివాళ్ళు, పనిముట్ల గదిలో మంచి పనికి చేరి మసి అంటని చేతులతో తిరిగేవారు. ఫోర్‌మన్‌కి తన పేరు పలకడానికి నోరు తిరిగేది కాదు. మర్ఫీ అనేవాడు. మర్ఫీ అంటే ఐరిష్ వాళ్ళ పేరట, అందరూ నవ్వేవారు, తనూ నవ్వేవాడు. ఎందుకు నవ్వాడు? ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీదే ఒళ్ళు మండుతుంది, ఫోర్‌మన్ మీద కాదు. పదహారేళ్ళు మర్ఫీ అంటే పలికాడు, ఒక్కసారి, మూర్తి అనండి అనలేదు.

చాయ్ చాయ్ అంటూ ఒకడు వచ్చాడు. శశికాంత్ రెండు కప్పులు తీసుకుని ఒకటి అందించాడు. "తాగు మావయ్యా, అల్లం వేసేడు." పంచదార లేకుండా అడిగాడా అంటే లేదు. ఎడమ చెవి వైపు కూర్చుని మాట్లాడతాడు, ఆ చెవి ప్రెస్ షాపులోనే పోయిందని తెలిసి కూడా. పోవడం అంటే ఒక్కరోజులో పోలేదు, రోజుకింత పోయింది. నలభై ప్రెస్సులు ఒక్క కప్పు కింద దబదబా పడుతుంటే చెవుల్లో దూది కుక్కుకునేవారు, మనిషికీ మనిషికీ మధ్య సైగలే భాష. మధ్యాహ్నం అయిందంటే పొట్ట నిమరడం, ఫోర్‌మన్ వస్తున్నాడంటే గడ్డం గీక్కోవడం. ఆ సైగలన్నీ గుర్మేల్ కనిపెట్టినవి. గుర్మేల్. అరే, ఎక్కణ్ణుంచి వస్తాడో ఎప్పుడు వస్తాడో తెలియదు ఈ మనిషి, ఇవాళ ఎలాగూ వస్తాడనుకుంటూనే ఉన్నాడు, చాయ్ కప్పులోంచి వచ్చాడు.

జలంధర్ దగ్గర పల్లెటూరి వాడు, తన ఈడువాడే. ఇద్దరికీ కలిపి ఒక మంచం. ఒకే మంచం మీద ఇద్దరూ పడుకునేవారని కాదు, ఒకడు పగలు, ఒకడు రాత్రి. ఆ ఇంట్లో పదకొండు మంది, అయిదు మంచాలు. తను డ్యూటీ నుంచి వచ్చేసరికి గుర్మేల్ లేచి వెళ్ళడానికి తయారవుతూ ఉండేవాడు, దుప్పటి ఇంకా వెచ్చగా ఉండేది. వెళ్ళే ముందు తలపాగా. ఆరు గజాల గుడ్డ, దాన్ని మడత పెట్టాలంటే అటు చివర ఒకడు లాగి పట్టుకోవాలి. ఆ అటు చివర తనే. కళ్ళు మూసుకుపోతున్నా గది గుమ్మంలో నిలబడి రెండు చేతులా గుడ్డ కొస పట్టుకునేవాడు, గుర్మేల్ ఇటునుంచి మడతలు తీసుకుంటూ దగ్గరికొచ్చేవాడు, దగ్గరికొచ్చాక భుజం మీద ఒక చరుపు చరిచి, సో జా మూర్తీ, అనేవాడు. పడుకో. ఆ దేశంలో తనను మూర్తీ అని పిలిచినవాడు వాడొక్కడే.

బండి సొరంగంలో దూరింది. పిల్లలు కేకలు పెట్టారు. దీపాలు వెలగలేదు. చీకట్లో శశికాంత్ ఫోన్ తెర ఒక్కటే వెలుగుతోంది, దాని వెలుతురులో ఫైలు. ప్రెస్‌కి రెండు బటన్లు. ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి, మనిషి రెండు చేతులూ చాపితేగాని అందవు. రెండూ ఒకేసారి నొక్కితేనే పైదిమ్మ దిగుతుంది, అంటే దిమ్మ దిగేటప్పుడు రెండు చేతులూ బయటే ఉంటాయి. ఎంత తెలివైన ఏర్పాటు. ఎంత నెమ్మదైన ఏర్పాటు. గంటకి ఇన్ని ముక్కలని బోర్డు మీద రాసిన లెక్క రెండు చేతులతో ఎన్నడూ తీరదు. అందుకని ఒక బటన్‌లో చిన్న చెక్కముక్క బిగిస్తారు. ఆ బటన్ నొక్కే ఉన్నట్టు మిషన్ అనుకుంటుంది. ఒక చెయ్యి నొక్కడానికి, రెండో చెయ్యి రేకు పెట్టడానికి, తియ్యడానికి. షాపంతా అదే పద్ధతి. ఫోర్‌మన్ జేబులోనే చెక్కముక్కలుండేవి, కొత్తవాడికి వాడే ఇచ్చేవాడు, కన్ను కొట్టి. గుర్మేల్‌కీ ఇచ్చాడు. డెబ్భై మూడు ఫిబ్రవరి, మంచు కురుస్తున్న సోమవారం, తను ఓవర్‌టైముకి ఆగి పక్క ప్రెస్ మీద ఉండగానే, గుర్మేల్ కుడిచేతి నాలుగు వేళ్ళు రేకుతో పాటు వంగిపోయాయి. అరుపు వినబడలేదు. ఆ చప్పుడులో అరుపు వినబడదు. నోరు తెరుచుకోవడం కనిపించింది.

మూడో రోజు ఫోర్‌మన్ తనను అద్దాల గదిలోకి పిలిచాడు. కుర్చీ వేశాడు. ఆ ఏడేళ్ళలో ఎవడూ వెయ్యని కుర్చీ. మర్ఫీ, నువ్వు చదువుకున్నవాడివి, అన్నాడు. ఆ చెక్కముక్క అతను తనంతట తానే పెట్టుకున్నాడని నీకు తెలుసు గదా, అన్నాడు. తనిఖీ విభాగంలో ఒక తెల్లకోటు ఖాళీగా ఉంది, అన్నాడు, దీనికీ దానికీ సంబంధం లేనట్టు, కిటికీలోంచి బయటికి చూస్తూ. కాగితం టైపు చేసే ఉంది. యూనియన్ మనిషి కూడా అక్కడే నిలబడి సిగరెట్టు కాల్చుకుంటున్నాడు. నాన్న జయపురంలో కచేరీ గుమస్తా. ఒకటే చెప్పేవాడు: పెద్దవాళ్ళు చూపించిన చోట సంతకం పెట్టు, చదవడం మొదలెడితే ఉద్యోగం ఉండదు. తను చదివాడు. అదే తేడా. అక్షరం అక్షరం చదివి మరీ పెట్టాడు.

వెలుతురు ఒక్కసారిగా కళ్ళలో కొట్టింది. సొరంగం దాటింది. చాయ్ చల్లారిపోయింది.

ఆ కాగితంతో పని పోయిన గుర్మేల్ సామాను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు తను మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి తెల్లగుడ్డల మూట. వాడికి అప్పటికే తెలుసు, షాపులో అందరికీ తెలుసు. ఏదో అంటాడనుకున్నాడు. కొడతాడనుకున్నాడు, ఎడమ చెయ్యి బాగానే ఉంది గదా. సంచీ సర్దుకుని, తలపాగా గుడ్డ తీసి, అటు కొస తన చేతికి అందించాడు. అంతే. తను లేచి పట్టుకున్నాడు. ఒంటి చేత్తో మడతలు తీసుకోవడానికి గుర్మేల్‌కి చాలాసేపు పట్టింది, మడత జారిపోయేది, మళ్ళీ మొదలు, మళ్ళీ జారేది. చివరికి దగ్గరికొచ్చాడు. భుజం చరవలేదు. పోయాడు. దొంగముండావాడా, ఒక్క మాట అనకూడదా. ఒక్క తిట్టు తిట్టకూడదా. ఆ తిట్టు అప్పుడు పడి ఉంటే యాభై రెండేళ్ళు తను ఇలా అందరిమీదా మండిపడుతూ బతకాల్సిన పనిలేదు. ఫోర్‌మన్ మీద, మంచు మీద, చలికి బిగుసుకుపోయిన బస్సు తలుపుల మీద, ఎనభై రెండులో ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించినప్పుడు తనకిచ్చిన ఆ తెల్లకోటుని కూడా మొదటి జాబితాలోనే వేసి గేటు బయటికి పంపిన కంపెనీ మీద, తిరిగొచ్చాక లండన్ లండన్ అని ఊదరగొట్టిన రాయగడ మీద.

"మావయ్యా, వింటన్నావా?" శశికాంత్ ముందుకు వంగి, ఈసారి కుడి చెవి వైపు వచ్చాడు. పని ఉన్నప్పుడు వాడికి ఏది మంచి చెవో గుర్తుంటుంది. "ఆఫీసరు ఆడమనిషి. సుభశ్రీ మేడమ్. ఎక్కువ అడగదు. పని నేర్పింది మీరేనా అంటాది, ఔనను. బటన్లు బాగానే ఉన్నాయా అంటాది, ఉన్నాయను. ఆ పిల్ల నీ మాట వినకుండా సొంతంగా చెక్క పెట్టుకుందని చెప్పు. అంతే గదా జరిగింది?"

అంతే గదా జరిగింది. కొల్నార దారిలో శశికాంత్ పెట్టిన చిన్న ప్రెస్ షాపు, ఆటోలకి తలుపు బందులూ మడ్‌గార్డు పట్టీలూ కొట్టే షెడ్డు, పద్నాలుగు మంది ఆడవాళ్ళు, వాళ్ళకి పని నేర్పింది తను. వాళ్ళలో కుంతి. ఇరవై ఆరేళ్ళ పిల్ల, దిగువ పల్లెలోంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చేది. ఇంట్లో కొండవాళ్ళ దేశియా మాట, షెడ్డులో తెలుగు, సేటు శశికాంత్ ముందు ఒడియా. నాలుగు నెలల కిందట కుడిచేతి మూడు వేళ్ళు ప్రెస్ కింద పోయాయి. ఆ రోజు తను షెడ్డులో లేడు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ వచ్చాడు, నేను లేను, నేను ఆ రోజు లేను. అక్క శ్యామలాంబ నిన్న కంచంలో అన్నం వడ్డిస్తూ, తమ్ముడూ వాడి పరువు నీ నోట్లో ఉంది, మనం ఉంటున్నది వాడి ఇంట్లోనని మర్చిపోకు, అంది. మెల్లగానే అంది. పెరుగు కూడా తనే వేసింది.

ఔను, చెక్క ఆ పిల్లే పెట్టుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి, చున్నీ నడుముకి బిగించి, జేబులోంచి చెక్కముక్క తీసి బటన్‌లో బిగించేది. అది అబద్ధం కాదు. శశిగాడి కాగితంలో ఒక్క అబద్ధమూ లేదు, ఆమెకి ఆ చెక్క ఎవరిచ్చారన్నది లేదు, అంతే. పోయిన ఏడాది వానాకాలం. పెద్ద ఆర్డరు వచ్చింది, కరెంటు పోతూ వస్తూ ఉంది, శశికాంత్ తల పట్టుకున్నాడు. ఆడవాళ్ళు రెండు చేతులూ చాపి బటన్లు నొక్కుతుంటే తనకే విసుగొచ్చింది. ఇదేం పనర్రా, మేం బర్మింగ్‌హామ్‌లో గంటకి ఎన్ని కొట్టేవాళ్ళమో తెలుసా, అని లేచాడు. ఎవరూ అడగలేదు. ఎవరూ అడగలేదు! పాత పేకింగు పెట్టె చెక్కని చాకుతో తనే చెక్కాడు, తనే బిగించాడు, డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో స్టూలు మీద కూర్చుని ఒక్క చేత్తో నొక్కుతూ రెండో చేత్తో తీస్తూ పదినిమిషాలు కొట్టి చూపించాడు. అందరూ చుట్టూ మూగారు. ఎంత సంతోషం వేసిందో. ఆ దేశం తనకి నేర్పిన విద్య, ఇన్నాళ్ళకి పనికొచ్చిన విద్య. కుంతి అందరికంటే ముందు పట్టుకుంది. తాతా, మాంచి కిటుకు తెచ్చేవు, అని నవ్వింది. శశికాంత్ చూశాడు, ముక్కల రాశి చూసుకున్నాడు. తనో, ఆ పిల్లకి ఒక చెక్కముక్క ఇచ్చి కన్ను కొట్టాడు.

కన్ను కొట్టాడు. చేతిలో కప్పు నలిగి చల్లని చాయ్ పంచె మీద పడింది. గుర్మేల్ చెయ్యి తెలిసి కూడా. ఆ నోరు తెరుచుకోవడం చూసి కూడా. ఫోర్‌మన్ ఎవడు, ఫోర్‌మన్ ఎక్కడున్నాడు, ఆ కన్ను ఎవడిది. శశికాంత్ జేబురుమాలు ఇవ్వబోయాడు. అక్కర్లేదు, అన్నాడు మూర్తి. మరీ గట్టిగా అన్నట్టున్నాడు, తలుపు దగ్గర పిల్లలు తిరిగి చూశారు.

జయపురం వచ్చింది. పుట్టి పెరిగిన ఊరు. ఆటో బజారులోంచి వెళుతుంటే శశికాంత్ దారిపొడుగునా అవే మూడు జవాబులు అప్పజెప్పించాడు. మూర్తి వాడి మొహం చూస్తూ కూర్చున్నాడు. వీణ్ణి ఎత్తుకుని తిప్పాడు. వీడిది తప్పు లేదని కాదు, చూసీ చూడనట్టున్న తప్పు వీడిదే, రేపు పొద్దున్న దాన్ని తప్పించుకునే తెలివీ వీడిదే. కాని తన వంతు వీడి వెనక దాక్కుంటే సరిపోతుందా?

ఆఫీసులో బెంచీ చివర కుంతి ఒక్కతే కూర్చుని ఉంది. ఎవరూ వెంట రాలేదు. కుడిచేతిని కొంగులో పెట్టుకుని, ఎడమ చేత్తో ఆస్పత్రి కాగితాల సంచీ పట్టుకుంది. తనను చూసి లేవలేదు. మునుపు లేచేది. సుభశ్రీ మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసి, కూర్చోమని, శశికాంత్ ఇచ్చిన కాగితం చదివింది. ఈ పని నేర్పింది మీరేనా అని ఒడియాలో అడిగింది. ఔనన్నాడు. రెండు బటన్లూ పని చేస్తున్నాయా? చేస్తున్నాయి. మరి ఒక దాంట్లో చెక్క ఈమె సొంతంగా పెట్టుకునేదని రాశారు, అంది.

"మూ శిఖాఇథిలి," అన్నాడు మూర్తి.

నేనే నేర్పాను. నోట్లోంచి వచ్చాక అది ఎంత చిన్న మాటో తెలిసింది. శశికాంత్ మావయ్యా అన్నాడు. మూర్తి ఆగలేదు. చెక్క చెక్కింది నేను, బిగించింది నేను, కూర్చుని చూపించింది నేను. యజమాని చూశాడు, వద్దనలేదు. పద్నాలుగు మందీ చూశారు, పిలిచి అడగండి. ఆ కాగితం మీద సంతకం పెట్టను, వేరే కాగితం ఇవ్వండి, నేను రాస్తాను. ఇలా రాస్తే మీ మీద కూడా కేసు రావచ్చు, తెలుసా అని మేడమ్ నెమ్మదిగా అడిగింది. తెలుసన్నాడు. మీకు చదువు వచ్చా అంది. వచ్చు, డిప్లొమా చదివాను, అని ఎందుకో అరిచినంత పని చేశాడు. శశికాంత్ ఫైలు మూసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అరగంట పట్టింది రాయడానికి. ఒడియా అక్షరాలు చెయ్యి మర్చిపోయింది, గుండ్రాలన్నీ వంకరపోయాయి. గుర్మేల్ గురించి రాయలేదు. అది ఈ ఆఫీసులో ఇచ్చే కాగితం కాదు, ఎవరికీ ఇచ్చేది కాదు ఇప్పుడు.

మెట్లు దిగేసరికి శశికాంత్ లేడు. వాన తుంపర మొదలైంది. కుంతి వెనకాలే దిగి, చూరు కింద రెండడుగుల దూరంలో నిలబడింది. ఏమైనా అంటుందేమోనని మూర్తి నేల చూశాడు.

"నాలుగు నెలలు," అంది. "నాలుగు నెలలు ఏటి సేసేవు తాతా? షెడ్డుకి మా ఊరి ముందునుంచే నడిసీవు కదా రోజూ. నువ్వు సెప్తావని సూసేను. నేను సెప్తే ఎవులు నమ్ముతారు. మా అమ్మ నన్నే తిట్టింది, నీకెందుకే ఆ తెలివి అని."

"భయం వేసింది," అన్నాడు.

"నాకెయ్యలేదా?" కొంగులోంచి చెయ్యి తీసింది. చూపించడానికి కాదు, సంచీ బరువు మార్చుకోవడానికి. మిగిలిన రెండు వేళ్ళకీ సంచీ తాడు తగిలించుకుంది. "నిన్ను సూస్తే ఒళ్ళు మండిపోతంది నాకు. నువ్వు నవ్వుతా సూపించినావు తాతా. నేను నవ్వుతా నేర్సుకున్నాను. ఆ నవ్వు తలుసుకుంటే సెయ్యి కంటే ఎక్కువ నొప్పెడతంది. సచ్చినోడా అనాలనుంది. ముసిలోడివని ఊరుకున్నాను, ఊరుకోకూడదు."

"అను," అన్నాడు మూర్తి.

"అన్నాను కదా." కళ్ళు తుడుచుకోలేదు, తుంపరలో తెలియలేదు కూడా. బస్టాండు వైపు చూసింది. "రాత్రికి ఎక్కడికెళ్తావు? సేటు ఇంట్లోకి రానిస్తాడా?"

తెలీదన్నాడు. నిజంగానే తెలీదు. అక్క తలుపు తీస్తుందో లేదో, తీస్తే ఏ మొహంతో తీస్తుందో.

"మా ఇంట్లో సోటు లేదు. ఉన్నా పెట్టను." ఆమె చూరు దాటి తుంపరలోకి దిగి, నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది, "వచ్చే పేషీ సోమవారమట. ఆరోజు ఎగ్గొట్టకుండా రా."

"వస్తాను," అన్నాడు మూర్తి. ఆమె అప్పటికే రోడ్డు దాటుతోంది. వినబడిందో లేదోనని మళ్ళీ గట్టిగా అన్నాడు.